రైళ్ల గుత్త: లాభమెవరిది, నష్టమెవరిది?

చెరువు చేపలను, మామిడితోట కాపును, సంత ఆశీలును గుత్తకిచ్చు ఆచారము మన గ్రామములలో చిరకాలముగా ఉన్నది. హెచ్చు పాట పాడినవానికి హక్కు దక్కును. కాపు తప్పినచో నష్టమును అతడే భరించవలెను. ప్రయాణికుల రైళ్లను ఇదే తీరున గుత్తకిచ్చినచో ఏమగునో బ్రిటన్ చరిత్రలో మనము చూడవచ్చును.

1948 జనవరి 1వ తేదీన జాతీయమైన అచటి రైల్వేలను 1993 నాటి చట్టము విడదీసినది. పట్టాలు, సిగ్నళ్లు రైల్‌ట్రాక్ అను సంస్థకు పోయినవి. బండ్లను అద్దెకిచ్చుటకు మూడు కంపెనీలు ఏర్పడినవి. రైళ్లను నడుపు హక్కును 25 భాగములు చేసి, గడువు పెట్టి, ప్రైవేటు కంపెనీలకు ఇచ్చినారు. దీనికే ఫ్రాంచైజీ అని పేరు. 1996 ఫిబ్రవరి 4వ తేదీ వేకువన ట్వికెన్‌హామ్ నుండి లండను వాటర్లూ స్టేషనుకు బయలుదేరిన బండితో ఈ పద్ధతి అమలులోనికి వచ్చినది.

ఫలితము శూన్యమని మనము అనరాదు. 1994-95లో సుమారు 73 కోట్లున్న ప్రయాణముల సంఖ్య 2018-19 నాటికి 170 కోట్లు దాటినది. ఈ వృద్ధిలో కంపెనీల చొరవ ఎంత, దేశపు ఆర్థికాభివృద్ధి ఎంత అనునది వివాదాంశమే.

కాని లండను, ఎడింబరో నగరములను కలుపు తూర్పుతీర మార్గపు కథ వేరు. 2005లో ఒక కంపెనీ పదేండ్లలో 130 కోట్ల పౌన్లు ప్రభుత్వమునకు చెల్లింతునని పాడినది. రెండేండ్లు తిరుగకముందే చేతులెత్తినది. 2007లో రెండవ కంపెనీ 140 కోట్లకు పాడి, 2009లో వదలుకొన్నది. అప్పుడు రైళ్లను ప్రభుత్వమే నడిపినది. 2015లో మూడవ గుత్తదారు 330 కోట్లకు పాడి, 2018లో తప్పుకొన్నది. మరల ప్రభుత్వమే వచ్చినది.

దీనికి కారణము స్పష్టము. రాబడి ఏటేట పెరుగునన్న ఊహపై పాట హెచ్చును. ఊహ తప్పినపుడు కంపెనీ తాను ఒడ్డిన పరిమితమైన సొమ్మును పోగొట్టుకొని తొలగిపోగలదు. రైలు మాత్రము మరునాడు వేళకు బయలుదేరక తప్పదు. చేపలు లేని చెరువును ఏడాదిపాటు విడిచిపెట్టవచ్చును. వేలాదిమంది పనికిపోవు మార్గమును ఒక్క దినమైనను విడువరాదు. కనుకనే నష్టము చివరకు ప్రజల ఖజానాకే చేరినది.

మన దేశమునకు ఈ సమస్య క్రొత్తది కాదు. 1849లో ఈస్టిండియా కంపెనీ రెండు రైల్వే కంపెనీలకు నూటికి 5 వంతుల వడ్డీ హామీ ఇచ్చినది. ఆదాయము తగ్గినపుడు ఆ లోటును భారతదేశపు పన్నులే పూడ్చినవి. హైదరాబాదులో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే పేరులోనే ఆ హామీ కలదు. దానిని 1930లో నిజాం ప్రభుత్వమే కొనివేసినది.

2020 మార్చిలో కోవిడ్ వ్యాధి వలన ప్రయాణికులు కరవైనపుడు, బ్రిటన్‌లో రాబడి నష్టమును ప్రభుత్వము తనపై వేసుకొన్నది. 2024 నవంబరులో రైళ్లను మరల ప్రభుత్వపరము చేయు చట్టము వచ్చినది. ఆ చట్టము క్రింద 2025 మే 25వ తేదీన మొదట మరలినవి, 1996లో తొలి ప్రైవేటు బండి నడచిన వాటర్లూ మార్గపు రైళ్లే.

ఏ దేశమైనను రైళ్లను గుత్తకిచ్చునపుడు పాట ఎంత హెచ్చినదని మాత్రమే చూచుట చాలదు. పాట తప్పిననాడు బండిని నడుపువారెవరో ముందే నిర్ణయించుకొనవలెను.