వందేమాతరం: పాట, ప్రతిమ, 1937 తీర్మానం

వందేమాతరం గీతానికి ముస్లిములు తెలిపిన అభ్యంతరాన్ని కొందరు చరిత్రకారులు దేశంపట్ల విముఖతగా చిత్రించారు. మరికొందరు ఆ మాటను ముస్లిములెవరూ ఎన్నడూ నోట పలకలేదన్నట్లు వ్రాశారు. ఈ రెండూ వాస్తవానికి పొసగవు.

బంకించంద్ర ఛటర్జీ 1870లలో రచించిన ఈ గీతం, 1882లో గ్రంథరూపం పొందిన 'ఆనందమఠం' నవలలో చేరింది. 18వ శతాబ్దపు సన్యాసుల తిరుగుబాటు ఆ నవలకు ఇతివృత్తం. అందులో సంతానుల కత్తి ముస్లిం పాలనపై లేస్తుంది. గీతంలోని తొలి రెండు చరణాలు నీళ్ళూ, పంటలూ, వెన్నెలా గల నేలను వర్ణిస్తాయి. తరువాత ఆ నేలే దుర్గ అవుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. తౌహీద్‌ను విశ్వసించేవాడు పుట్టిన గడ్డను ప్రేమించగలడు, దానికోసం ప్రాణమివ్వగలడు. దానిని దేవతగా కొలవలేడు. 1904లో ఇక్బాల్ వ్రాసిన 'తరానాయె హింద్'లో స్వదేశం ఒక పూదోట. అక్కడ ఈ చిక్కు లేదు.

1905 బెంగాలు విభజన వందేమాతరాన్ని వీధుల్లోకి తెచ్చింది. అదే సంవత్సరం అవనీంద్రనాథ ఠాకూరు గీసిన భారతమాత నాలుగు చేతుల్లో పుస్తకం, వరికంకులు, తెల్లని వస్త్రం, జపమాల ఉన్నాయి. కూడూ గుడ్డా చదువూ ఎవరికి వద్దు? కాని ఆ నాలుగు చేతులే బొమ్మను పూజామందిరానికి చేర్చాయి. అయినా 1906లో ఈ నినాదం చేసినవారిపై పోలీసులు లాఠీలు ఝళిపించిన బారిసాల్ మహాసభకు అధ్యక్షులు బారిష్టరు అబ్దుల్ రసూల్! 1908లో అమృతసర్ ముస్లింలీగు సభాధ్యక్షులు సయ్యద్ అలీ ఇమాం మాత్రం దీనిని ఒక వర్గపు నినాదమని విమర్శించారు. ఖిలాఫత్ రోజుల్లో, 1920లో, గాంధీజీ బెజవాడలో నినాదాల ప్రస్తావన తెచ్చి, అల్లాహు అక్బర్, వందేమాతరం, హిందూ ముసల్మాన్ కీ జై అనే మూడింటినీ అందరూ కలిసి పలకాలని సూచించారు.

1936లో ఆయనే ప్రారంభించిన కాశీలోని భారతమాత మందిరంలో విగ్రహం లేదు. పాలరాతిలో చెక్కిన దేశపటం మాత్రమే ఉంది.

1937లో వివాదం ముదిరింది. 1896 కాంగ్రెసు మహాసభలో ఈ గీతం పాడిన రవీంద్రనాథ ఠాకూరునే సలహా అడిగారు. దుర్గాస్తుతిని స్వదేశమని ఆరాధించమని ముస్లిములను కోరలేమనీ, తొలి భాగాన్ని మాత్రం విడదీసి పాడవచ్చుననీ ఆయన తెలిపారు. ఇందుకు బెంగాలులో ఆయన నిందలు మోశారు. అక్టోబరు చివర కలకత్తాలో కాంగ్రెసు కార్యవర్గం ముస్లిముల అభ్యంతరాన్ని సబబైనదిగా అంగీకరించి, జాతీయ సభల్లో తొలి రెండు చరణాలే పాడాలనీ, అభ్యంతరంలేని మరో గీతాన్ని పాడే స్వేచ్ఛ నిర్వాహకులకు ఉండాలనీ తీర్మానించింది. గీతాలను పరిశీలించే ఉపసంఘంలో నెహ్రూ, సుభాస్ బోసు, నరేంద్రదేవ్‌లతోపాటు మౌలానా ఆజాద్ కూడా ఉన్నారు. లీగు దీనితో తృప్తి పడలేదు.

మరుసటి సంవత్సరమే హైదరాబాదులో కథ అడ్డం తిరిగింది. ఉస్మానియా వసతిగృహంలో ఈ పాట పాడరాదన్నారు. పాడినవారిని బహిష్కరించారు. ఆ విద్యార్థులలో పలువురు నాగపూరు వెళ్ళి చదువు కొనసాగించారు. నిషేధంవల్ల పాట ఆగలేదు. నిజాం రాష్ట్రంలో అది మరింతమంది నోటికెక్కింది.

1950 జనవరి 24న రాజ్యాంగసభలో రాజేంద్రప్రసాద్ జనగణమనను జాతీయగీతంగా ప్రకటిస్తూ, వందేమాతరానికి సమాన గౌరవం ఉంటుందన్నారు. ఆ ప్రకటనపై సభలో ఓటింగు జరగలేదు.