ఇంకో బిడ్డ అనుకునే ముందు ఇంటి లెక్క

పుట్టే బిడ్డ తన రిజ్క్ తానే తెచ్చుకుంటుందని దాదీలు, నానీలు అంటారు. ఆ నమ్మకం మన ఇళ్లలో ఇంకా ఉంది. అయినా కుటుంబాలు చిన్నవయ్యాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఒక ముస్లిం మహిళకు 1992–93లో సగటున 4.4 మంది పిల్లలుంటే, 2019–21 నాటికి ఆ సంఖ్య 2.36కు దిగింది. అన్ని మతాలనూ కలిపి చూస్తే తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. జనాభా పేరుతో మనల్ని వేలెత్తి చూపేవారు ఈ తగ్గుదల మాట ఎత్తరు.

ఖర్చు కాన్పుతోనే మొదలవుతుంది. అదే సర్వేలో తెలంగాణలోని ప్రైవేటు ఆసుపత్రుల కాన్పుల్లో 81.5 శాతం సిజేరియన్లే. సర్కారు దవాఖానాకు వెళ్తే బిల్లు తప్పుతుంది, కానీ పని మానేసిన రోజుల కూలి ఎవరిస్తారు? చట్టం ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు, ఆ తర్వాతి కాన్పుకు 12 వారాలు జీతంతో సెలవు ఇస్తుంది. ఇది ఉద్యోగం చేసేవారికి. పాతబస్తీలో ఇంట్లోనే కూర్చుని లక్క గాజులు చేసే, జరీ పని చేసే ఆడవారికి సెలవూ లేదు, జీతమూ లేదు. ఎన్ని గాజులు చేస్తే అంతే డబ్బు.

తర్వాత చదువు. తెలంగాణలో 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు చాలామందికి పెద్ద ఆసరా. సీటు దొరికితే చదువు, హాస్టల్, భోజనం ఉచితం. అయితే అవి ఐదో తరగతి నుంచే. అంతకుముందు నర్సరీ ఫీజు, పుస్తకాలు, ఆటో కిరాయి అన్నీ అబ్బా జేబులోంచే పోవాలి. ఇద్దరికి ఎలాగో సర్దుకుంటారు. మూడో బిడ్డ మాట వస్తే మియాబీవీ ఇద్దరూ మౌనంగా ఉండిపోతారు.

ఇప్పుడు ప్రభుత్వాల మాట కూడా మారింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. ఎక్కువ మంది పిల్లల్ని కనమని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే చెబుతున్నారు. పాత అమ్మఒడి తల్లికి ఒక్కసారే వచ్చేది. 2025లో మొదలైన తల్లికి వందనంలో చదివే ప్రతి బిడ్డకూ 15,000 రూపాయలు లెక్క. అందులో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాలో పడతాయి. అదీ ఒకటో తరగతిలో చేరాకే. పాలు, మందులు, టీకాల కోసం తిరిగే మొదటి ఐదేళ్లకు మాత్రం అప్పు పుట్టించుకోవాల్సిందే.