బస్తరు శిలలపై తెలుగు వ్రాత

గోడ కనబడిన చోట ఏదో యొకటి వ్రాయవలెనను కోరిక మానవునకు క్రొత్తది కాదు. క్రీ.శ. 79వ సంవత్సరమున అగ్నిపర్వతపు బూడిదలో మునిగిన పాంపేయీ నగరమును త్రవ్వగా, గోడలమీద ఎన్నికల విన్నపములును, ప్రేమికుల పేర్లును, ఎకసక్కెపు మాటలును బయల్పడినవి. సింహళమున సిగిరియ కొండకు పోయిన యాత్రికులు అచటి అద్దపుగోడపై శతాబ్దములపాటు పద్యములు గీసిపోయిరి. నేటి మహానగరములలో యువకులు మార్కరు కలములతోను రంగుడబ్బాలతోను ఉబ్బిన అక్షరములను, మెలికలు తిరిగిన అక్షరములను గోడలపై చిత్రించుచున్నారు. పెద్దలు దీనిని అల్లరి యందురు. చిన్నవారు కళ యందురు. సాధనములు మారినను మూలమునందలి కోరిక యొక్కటియే: దారిన పోవువాడు ఒక్క నిమిషము నిలిచి చదువవలెను.

తెలుగు నేలపై ఈ కోరిక బహుప్రాచీనము. హైదరాబాదునకు సమీపముననున్న కీసరగుట్టపై, విష్ణుకుండినుల కాలమునాటిదని పండితులు నిర్ణయించిన ఒక రాతివ్రాత కలదు. అందు ఉన్నది ‘తొలుచువాండ్రు’ అను ఒక్క మాట. రాజు పేరు లేదు, బిరుదము లేదు, దానము లేదు. రాతిని తొలిచిన పనివారు తమ వృత్తినామమును తామే చెక్కుకొనినట్లున్నది. రాజశాసనము ఆజ్ఞాపించును, ఈ వ్రాత మాత్రము ‘మేమిచట ఉంటిమి’ అని చెప్పి ఊరకుండును. ఈ రెండింటికిని కావలసినది చదువరియే. చదువరి యెవడో ఎరిగి వ్రాయుటయు, ఎరుగక వ్రాయుటయు అను భేదమునుబట్టియే బహిరంగ లేఖనముయొక్క చరిత్ర నడచినది. ఈ సత్యమును బస్తరు రాళ్లు చెప్పినంత స్పష్టముగా చెప్పునవి అరుదు.

బస్తరు పేరు వినగానే దండకారణ్యము, ఇంద్రావతి, చిత్రకోట జలపాతము స్ఫురించును. ఆ యడవులలో తెలుగక్షరము వేయి సంవత్సరములనుండి నిలిచియున్నదను సంగతి మనవారిలో పలువురకు తెలియదు. పదునొకండవ శతాబ్దమున ఆ సీమను ఛిందక నాగవంశపు రాజులు పాలించిరి. వారు తమ్ము భోగవతీపురవరేశ్వరులని చెప్పుకొనిరి. దూడతో గూడిన పులి వారి లాంఛనము. వారి రాజ్యమునకు చక్రకోట మని పేరు. చోళ రాజేంద్రుని తిరుమలై శాసనమునందు పేర్కొనబడిన శక్కరక్కోట్టము ఇదియే.

ఈ వంశమునకు సంబంధించి దొరకిన వ్రాతలలో మిక్కిలి ప్రాచీనమైనది ఎర్రకోట్ గ్రామమునందలిది. దాని కాలము శక సంవత్సరము 945, అనగా క్రీ.శ. 1023. అందు నృపతిభూషణుడను రాజు పేరు కనబడుచున్నది. ఆ శాసనము తెలుగు. ఈ తేదీని చదువరులు ఒకసారి మనస్సున నిలుపుకొనవలెను. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుడు సింహాసన మెక్కినది క్రీ.శ. 1022లో. ఆయన కొలువుననే నన్నయభట్టారకుడు భారతాంధ్రీకరణమునకు పూనుకొనెను. గోదావరీతీరమున తెలుగు కావ్యభాష రూపు దిద్దుకొనుచున్న ఆ దినములలోనే, ఇంద్రావతీ పరిసరారణ్యములలో తెలుగు రాతిపై శాసనభాషగా నిలిచినది.

తరువాత చెప్పదగినది బారసూరు. నేడు దంతెవాడ జిల్లాలో చేరిన ఆ చిన్న గ్రామము ఒకప్పుడు దేవాలయములతో నిండిన పట్టణము. అచటి తెలుగు శాసన మొకటి శక సంవత్సరము 983 నాటిది. నాగరాజైన జగదేకభూషణ ధారావర్షుని పాలనమున, తెలుగు చోడవంశజుడైన చంద్రాదిత్యుడను సామంతుడు అచట చంద్రాదిత్యేశ్వరమను శివాలయమును కట్టించి, చంద్రాదిత్య సముద్రమను చెరువును త్రవ్వించెను. చెరువునకు సముద్రమని పేరిడుట తెలుగుదేశపు ప్రభువులకు పరిపాటి. భాషతోపాటు ఆ పరిపాటియు అడవిలోనికి ప్రయాణము చేసినది.

బారసూరునందే మరియొక తెలుగు శాసనము కలదు. అది సోమేశ్వరదేవుని పట్టమహిషి గంగమహాదేవి వేయించినది. ఆమె రెండు శివాలయములు కట్టించి, ఒకదానికి భర్తపేర వీరసోమేశ్వరమనియు, రెండవదానికి తనపేర గంగాధరేశ్వరమనియు నామకరణము చేసెను. బారసూరున ముప్పదిరెండు స్తంభముల మండపమును, రెండు గర్భగృహములును గల బత్తీసా మందిరమే ఆ జంట ఆలయమని చెప్పుదురు. శాసనమున శక సంవత్సరము 1130 అని యున్నది. దానిని ఒక శతాబ్దము వెనుకకు సవరింపవలెనని కొందరు పండితుల మతము. తేదీ యెట్లున్నను, ఒక రాణి తన పేరును భర్తపేరుతో సమానముగా నిలిపి, దానిని తెలుగున లోకమునకు చాటినదనుట నిశ్చయము.

ఈ రాతి యక్షరములు ఎట్లు పుట్టినవి? శాసనము సిద్ధమగుటకు మువ్వురు కావలెను. ఒకడు విషయమును రచించును. రెండవవాడైన లేఖకుడు చదును చేసిన రాతిపై సుద్దతోనో జేగురుతోనో అక్షరములను గీయును. మూడవవాడైన శిల్పి ఆ గీతల వెంబడి ఉలి నడపును. నేటి యువకుని చేతి మార్కరు చేయుపని ఆనాడు జేగురుముక్క చేసినది. అక్షరపు సొంపు లేఖకుని చేతిలోనిది; దాని ఆయుష్షు శిల్పి చేతిలోనిది. తాటాకుపై గంటము నడచునపుడు ఆకు చిరుగకుండుటకు గుండ్రని గీతలు అనుకూలములు. కాని రాతిపై గుండ్రదనము సులభము కాదు. ఉలి సూటిగా పోగోరును. తెలుగక్షరము వంపు కోరును. ఉలి అక్షరమునకు లొంగినదేగాని అక్షరము ఉలికి లొంగలేదు. గీసినవాని పేరును చెక్కినవాని పేరును తెలిసిన శాసనములు కొన్నియే. తక్కినవారందరును కీసరగుట్ట తొలుచువాండ్రవలె పేరులేని పెద్దలు.

ఇచట గమనింపవలసిన విశేషము మరియొకటి కలదు. నాగరాజుల శాసనములన్నియు తెలుగు కావు. సోమేశ్వరుని కురుస్పాల్ శాసనము నాగరిలిపిలో నున్నది. ఆయన తల్లి గుండమహాదేవి, మనుమడు కన్హరుడు రాజ్యము చేయుచుండగా శక సంవత్సరము 1033లో, అనగా క్రీ.శ. 1111లో, నారాయణపాల్ గ్రామమున వేయించిన దానశాసనము సంస్కృతమున, నాగరిలిపిలో నున్నది. ఒకే వంశము, ఒకే రాజ్యము. లిపులు రెండు, భాషలు రెండు. ఒక లిపికి పట్టము కట్టుటకై రెండవదానిని త్రోసివేయవలెనని ఆ రాజులకు తోచలేదు. చదువువారు తెలుగువారైన చోట తెలుగును, నాగరి నెరిగినవారైన చోట నాగరియు నిలిపిరని ఊహించుట సహజము. ద్విభాషా సీమలను పాలించువారికి ఇంతకంటె మంచి పాఠము లేదు.

నాగవంశము అస్తమించిన పిమ్మట బస్తరు చరిత్ర ఓరుగల్లుతో ముడిపడినది. క్రీ.శ. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత, ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు గోదావరి దాటి బస్తరున రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశపు ఐతిహ్యము. సోదరత్వమునుగూర్చి చరిత్రకారులలో వాదములున్నను, ఆ రాజులు తమ్ము కాకతీయులనియే చెప్పుకొనిరి. తెలుగు ప్రభువులే వచ్చిరి గదా, ఇక తెలుగు శాసనములు వెల్లివిరియునని మన మనుకొందుము. జరిగినది వేరు.

శంఖినీ డంకినీ నదుల సంగమమున, దంతేశ్వరీ దేవాలయమునందు, దిక్పాలదేవుని కాలమున రెండు రాళ్లు నిలుపబడినవి. విక్రమ సంవత్సరము 1760, అనగా క్రీ.శ. 1703. రాజు సకుటుంబముగా దేవీయాత్ర చేసిన సందర్భమది. మొదటి రాతిపై సంస్కృత ప్రశస్తి కలదు. రెండవ రాతిపై ఆ విషయమే దేశభాషలో కలదు. మైథిలుడైన రాజగురువు భగవాన్ మిశ్రుడు రెండవ రాతికి కారణముగూడ అందే వ్రాయించెను: కలియుగమున సంస్కృతము చదువగలవారు తక్కువ కాగలరు గనుక భాషలో వ్రాయించుచున్నామని దాని భావము. చదువరిని తలచి ఒక రాజగురువు రాతిపై పలికిన ఈ మాట మిక్కిలి గొప్పది. ఛత్తీస్‌గఢీ భాషా చరిత్రకారులు ఆ రాతిని తమ గద్యమునకు తొలి ఆధారములలో నొకటిగా గౌరవింతురు.

కాని తెలుగువానికి ఆ రాతియెదుట మనస్సు కలుక్కుమనక మానదు. ఆ ప్రశస్తిలో కాకతి ప్రతాపరుద్రుని పేరున్నది, ఓరుగల్లు స్మృతి యున్నది. తెలుగక్షరము మాత్రము లేదు. నాలుగు వందల యేండ్లు నిండకముందే, ఏ శత్రువును నిషేధింపకుండగనే, ఓరుగల్లు వారసుల రాతినుండి తెలుగు తొలగినది. దిక్పాలదేవుని తప్పేమియు లేదు. తన యెదుటనున్న చదువరుల భాషను ఆయన ఎన్నుకొనెను. తెలుగు చదువువారు అచట లేకపోవుటయే కారణము. నాగరాజు తెలుగువాడు కాకున్నను చదువరులున్నందున తెలుగు నిలిచినది. కాకతీయుడు తెలుగువాడైనను చదువరులు లేనందున తెలుగు తొలగినది. బస్తరు దక్షిణభాగమున, భోపాలపట్నము, కొంటా ప్రాంతములందు నేటికిని తెలుగు నోట నున్నది. నోటనున్న భాషకును చేతనున్న అక్షరమునకును గల అంతరమును ఆ సీమయే చూపుచున్నది.

ఈ రాళ్లను లోకమునకు చదివి వినిపించినవారిలో అగ్రగణ్యుడు రాయబహదూరు హీరాలాల్. ఆయన వృత్తిచే జిల్లా పరిపాలనాధికారి. దస్త్రములనడుమ తీరిక చేసికొని శాసనములను పరిశీలించి, ‘ఎపిగ్రాఫియా ఇండికా’ సంపుటములందు ప్రకటించి, 1916లో మధ్యపరగణాల, బేరారు శాసనముల పట్టికను వెలువరించెను. ఉద్యోగి తలచుకొనిన ఎంతటి సేవ చేయగలడో చెప్పుటకు ఈ యొక్క నిదర్శనము చాలును.

నేడు పురాతనాలయములను చూడబోయిన కొందరు స్తంభములపై తమ పేర్లను గీకి వచ్చుచున్నారు. 1958 నాటి ప్రాచీన స్మారకముల చట్టమును 2010లో సవరించి, రక్షిత కట్టడములకు హాని చేసినవారికి రెండేండ్ల కారాగారము, లక్ష రూపాయల జుల్మానా వరకు శిక్ష విధించిరి. శిక్ష యుక్తమే. పాతవాని అక్షరముపై తన అక్షరము గీయువాడు ఇద్దరి వ్రాతలను చెరచుచున్నాడు. వ్రాయగోరువానికి క్రొత్త గోడలు కొదువ కావు.

కాని చట్టము రాతిని కాపాడగలదేగాని చదువరిని పుట్టింపజాలదు. ఆ పని ఇంటిలో జరుగవలసినది. స్వరాష్ట్రమునకు దూరముగా ఉద్యోగములు చేయు మన కుటుంబములలో తెలుగు మాటలాడు పిల్లలున్నారు. తెలుగు చదువగల పిల్లలు ఏటేట తగ్గుచున్నారు. ఓరుగల్లు వారసులకు నాలుగు శతాబ్దములు పట్టిన పని మనకు రెండు తరములలో ముగియవచ్చును. పలకపై బలపముతో కానిండు, కాగితముపై రంగు మార్కరుతో కానిండు, బిడ్డ తన పేరును తెలుగున వంపులు తిరుగ గీసినచో తల్లిదండ్రులు సంతసింపవలెను. బారసూరు రాతికి ఒక చదువరి పెరిగినట్లే.