కొండరాళ్ల మధ్య వర్షారణ్యపు మొక్క

మే నెల మధ్యాహ్నం శంషాబాద్ దగ్గరి పహాడీ షరీఫ్‌లో తిరిగినవాళ్లకు అక్కడి ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు. 13వ శతాబ్దపు సూఫీ బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉన్నది గ్రానైట్ గుట్ట మీద. పగలంతా కాగిన రాయి పొద్దుగూకాక కూడా సెగలు కక్కుతుంది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చాక ఈ వైపు ఇళ్లు పెరిగాయి, బాల్కనీల్లో కుండీలూ పెరిగాయి. ఆ కుండీల్లో బిగోనియా బతుకుతుందా? అది వర్షారణ్యాల్లో చెట్ల నీడన పెరిగే జాతి మరి!

ఈ మొక్కకు పేరు వచ్చిన తీరు చిత్రమైనది. కరీబియన్ దీవుల్లో మొక్కలు సేకరించిన ఫ్రెంచి సన్యాసి షార్ల్ ప్లూమియే, తనకు అండగా నిలిచిన మిషెల్ బెగాన్ అనే ఫ్రెంచి అధికారి పేరు దీనికి పెట్టాడు. ఆ పేరు అచ్చులోకి వచ్చింది 1700లో. అంతకుముందే మన మలబారు బిగోనియా పుస్తకానికెక్కింది. కొచ్చిలో డచ్చి అధిపతిగా ఉన్న వాన్ రీడ్ 1678–1693 మధ్య 12 సంపుటాలుగా వేయించిన ‘హోర్తుస్ మలబారికుస్’‌లో దాని బొమ్మ ఉంది. ఆ గ్రంథానికి మొక్కల గుణాలు చెప్పిన వైద్యుల్లో ఇట్టి అచ్యుతన్ పేరైనా మిగిలింది. కరీబియన్ అడవుల్లో ప్లూమియేకు దారి చూపినవాళ్లెవరో మనకు తెలియదు. పేరు మాత్రం అధికారికి దక్కింది. ఇలాంటివి చరిత్రలో కొత్త కాదు లెండి.

మలబారు బిగోనియా పొదలా పెరుగుతుంది. మెటాలికా, ఫ్యూషియాయిడిస్ కూడా పొద రకాలే. మొదలు నుంచే గుబురుగా కాడలు లేస్తాయి. ఇక బాల్కనీ సంగతికొస్తే, వీటికి తూర్పు వైపు పొద్దుటి లేత ఎండ చాలు. మధ్యాహ్నపు ఎండ పడేచోట షేడ్‌నెట్ తప్పదు. కోకోపీట్, మాగిన ఆకుల ఎరువు, కాస్త ఇసుక కలిపిన గుల్ల మట్టి వాడండి. చిల్లులున్న మట్టికుండీ మేలు. పైమట్టి ఆరాకే నీళ్లు పోయాలి. ఈ మొక్కలు దాహంతో కంటే వేళ్లు కుళ్లి చచ్చేదే ఎక్కువ. బోరునీటిలో ఉప్పుంటే ఆకుల అంచులు మాడతాయి, వాననీరు పట్టి ఉంచుకుంటే మంచిది. గాలాడకపోతే బూడిద తెగులు వస్తుంది. చిగుళ్లు తుంచుతూ ఉంటే పొద గుబురెక్కుతుంది. తుంచిన కొమ్మను తడి ఇసుకలో గుచ్చితే వేళ్లు పడతాయి.

మొదటిసారి పెంచేవాళ్లు నర్సరీలో రంగురంగుల ఆకుల రెక్స్ రకాన్ని చూసి మురిసిపోవద్దు. దానికి గాలిలో తేమ మరీ ఎక్కువ కావాలి. పొద రకంతోనే మొదలుపెట్టండి, అదీ తొలకరి పడ్డాక.