ఉప్పుపొన్నల వంశచరిత్ర

దక్షిణ అండమాన్ పడమటి తీరాన వండూర్ వద్ద 1983లో మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానం వెలసింది. పగడపు దిబ్బలను దర్శించవచ్చే యాత్రికుల చూపు ఒడ్డునున్న మడచెట్లపై సాధారణంగా నిలవదు. వాటిలో ఊతవేళ్లపై నిలిచే వృక్షాలను మన గోదావరి తీరంలో ఉప్పుపొన్నలంటారు, శాస్త్రజ్ఞులకవి రైజోఫోరాలు.

అండమాన్‌లో ఈ ప్రజాతికి చెందిన జాతులు మూడు. 1827లో బ్లూమ్ వర్ణించిన ఎపిక్యులేటాకు పొట్టి కాడపై రెండేసి పూలు, నున్నని ఆకర్షణపత్రాలు. మ్యూక్రొనేటాకు వెడల్పాటి ఆకులు, నూగుగల ఆకర్షణపత్రాలు, ఎనిమిది కేసరాలు. స్టైలోసాదీ ఇంచుమించు అదే రూపం. కీలం మాత్రం నాలుగైదు మిల్లీమీటర్ల పొడవు. పూలులేని కాలంలో ఈ రెంటినీ వేరుచేయగలమనేవారిని కొంత శంకించడమే మేలు.

పైగా ఇవి పరస్పరం సంకరమవుతాయి. ఎపిక్యులేటా, స్టైలోసాల సంతానానికి 1860 నుండి లామార్కీ అనే పేరుంది. తమిళనాడులోని పిచ్చావరంలో కనిపించిన సంకర వృక్షానికీ తొలుత ఆ పేరే పెట్టారు. కాని స్టైలోసా అక్కడ పెరగదు. లేని జాతికి సంతానమెలా కలిగింది? చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థకు చెందిన పరణి, అజయ్ పరీడా ప్రభృతులు 1997లో డి.ఎన్.ఎ. సాక్ష్యంతో దీనికి సమాధానమిచ్చారు. సంకరంలో జననీజనకులిద్దరి గుర్తులూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ గుర్తులు ఎపిక్యులేటావి, మ్యూక్రొనేటావి. అణ్ణామలై విశ్వవిద్యాలయానికి చెందిన కదిరేశన్ ఈ వృక్షానికి అన్నమలయానా అని నామకరణం చేశారు.

పిచ్చావరంలో ఒక జాతి లేకపోవడమే అనుమానానికి దారితీసింది. అండమాన్‌లో ఆ సౌలభ్యం లేదు. మూడు జాతులూ ఉన్నందున సంకరానికి ఏ జంటైనా మూలం కావచ్చు. మ్యూక్రొనేటా, స్టైలోసాల సంకరంగా భావించిన మొహానీని రాఘవన్ బృందం 2015లో ఈ దీవుల నుండే వర్ణించింది. పోలికలున్న ఇద్దరి సంతానాన్ని కేవలం రూపంతో నిరూపించడం కష్టం.

ఇది పేర్ల పట్టికకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగింది. వండూర్ పరిసరాల్లో ఉప్పునీరు తీయక మడచెట్లెన్నో నిలువునా ఎండిపోయాయి. మడలను తిరిగి పెంచాలంటే, చెట్టున ఉండగానే మొలకెత్తే పొడవాటి కాయలను ఏరి నాటాలి. సంకర వృక్షాలకు అటువంటి కాయలు బహు అరుదు. కనుక అవి నారుమడికి చేరవు. మళ్లీ పుట్టాలంటే రెండు మూలజాతులూ ఒకే తీరాన, ఒకే కాలాన పూయవలసిందే.