తాటాకు తెలుపు, పలక నలుపు

1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి దుర్గాన్ని గెలిచిన కాలంలో తెలుగువారి రాత ఎక్కువగా తాటాకు మీదే. గంటంతో గీసి మసి పూస్తే, లేత ఆకుపై అక్షరం నల్లగా తేలేది.

తర్వాత ఉదయగిరికి ఉత్తరాన ఉన్న మార్కాపురం పలకలు బడిపిల్లల చేతికొచ్చాయి: నల్లరాయి, తెల్ల బలపం.

కంప్యూటర్ తెర ఎదురు దారి పట్టింది. పాత టెర్మినళ్లలో చాలావాటిది నలుపు మీద ఆకుపచ్చ రాత. 1984 నాటి మాకింటోష్‌ది తెలుపు మీద నలుపు. 2018లో మ్యాక్‌కు డార్క్ మోడ్ వచ్చింది. మరుసటి ఏడాది పొద్దును బట్టి తానే మారడం మొదలైంది.

చాలా థీమ్‌లు, అంటే తెర రంగుల కూర్పులు, ఉన్న యాప్ కూడా అలా మారాలంటే ముందు వాటిని చీకటి, వెలుగు అని రెండు గుంపులుగా విడదీయాలి. పేరు చూస్తే చాలదు, నేపథ్యపు కాంతిని లెక్కగట్టాలి. అందులో ఆకుపచ్చది సుమారు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7. అందుకే నిండు నీలం చీకటి గుంపులోకి, నిండు పసుపు వెలుగు గుంపులోకి చేరతాయి.