ఇంటింటి ఆరోగ్య రికార్డు - గోడ మీది వ్రాత నుండి ట్యాబు వరకు

ప్రత్యేక సంచికకు వైద్య ఆరోగ్య శాఖ చరిత్రలో ఏదైనా ఒక అంశం మీద వ్యాసం ఇవ్వమని సంపాదకులు కోరారు. వైద్యంలో కంప్యూటరు అనగానే అందరికీ పెద్దాసుపత్రులే గుర్తుకు వస్తాయి. నేను ఉద్యోగం చేసినంతకాలం ఆసుపత్రిలో కంటే ఊళ్ళలో, ఇళ్ళ అరుగుల మీద ఎక్కువగా గడిపినదాన్ని. కనుక ఇంటి దగ్గర అందే ఆరోగ్య సేవకు రికార్డు ఎలా పుట్టింది, కాగితం మీద ఎలా పెరిగింది, కంప్యూటరులోకి ఎలా వెళ్ళింది అనే కథ వ్రాస్తున్నాను. ఆసుపత్రిలో రోగి రికార్డు దగ్గరకు వస్తాడు. ఇంటి సేవలో రికార్డే రోగి దగ్గరకు నడిచి వెళ్ళాలి. రెండింటికీ చాలా తేడా ఉన్నది. పైగా ఇన్నాళ్ళూ ఇతరుల పేర్లు వ్రాసిన మనం, డెబ్భై దాటాక ఆ రికార్డులో పేర్లుగా చేరాము. అందువల్ల ఈ సంగతి మనందరికీ సంబంధించినదే.

మన ఊళ్ళలో ఇంటింటి ఆరోగ్య రికార్డుకు మొదటి కాగితం ఇంటి గోడే అంటే ఈనాటి పిల్లలు నమ్మరు. 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, 1958లో అది నిర్మూలన కార్యక్రమంగా మారింది. తరువాత సర్వేలెన్సు వర్కరు పదిహేను రోజులకొకసారి ప్రతి ఇంటికీ వెళ్ళి, "ఎవరికైనా జ్వరమా?" అని అడిగి, ఉంటే వేలి నుండి రక్తపు చుక్క గాజు పలక మీద తీసుకొని, క్లోరోక్విన్ మాత్రలు మింగించి, గోడ మీది స్టెన్సిలు గళ్ళలో తేదీ వేసి సంతకం చేసేవాడు. వెనుక వచ్చిన ఇనస్పెక్టరు ఆ గోడ చదివి వర్కరు వచ్చాడో లేదో తేల్చుకునేవాడు. ఇంటివాళ్ళూ చదువుకునేవారు. సంక్రాంతికి సున్నం కొడితే రికార్డు సున్నా అయ్యేదన్న మాట వేరు! అయినా ఇంటివారికీ, వర్కరుకూ, పై అధికారికీ ఒకేచోట ఒకే వ్రాత కనిపించిన రికార్డు అది. తరువాత వచ్చిన వాటిలో చాలా వాటికి ఆ గుణం లేదు.

1973లో కర్తార్ సింగ్ కమిటీ తన నివేదికలో మలేరియాకు ఒకరు, మశూచికి ఒకరు, కుటుంబ నియంత్రణకు ఒకరు తిరగడం మాని, బహుళార్థ ఆరోగ్య కార్యకర్తలు ఉండాలని సూచించింది. మూడు వేల నుండి మూడున్నర వేల జనాభాకు ఒక ఉపకేంద్రం ఉండాలన్నది. ఆగ్జిలరీ నర్సు మిడ్‌వైఫుకు, అంటే మన ఏ.ఎన్.ఎం.కు, కొత్త హోదా పేరు వచ్చింది. జనం మాత్రం "నర్సమ్మ" అనే పిలిచారు. పేరుతో పాటు రిజిష్టర్లూ వచ్చాయి. అర్హులైన దంపతుల రిజిష్టరు, గర్భిణీల రిజిష్టరు, కాన్పుల రిజిష్టరు, టీకాల రిజిష్టరు, జనన మరణాలు, మందుల స్టాకు, టూరు డైరీ. నెలాఖరు వస్తే నాలుగు రోజులు ఊళ్ళకు వెళ్ళడం తగ్గిపోయేది. అంతా కూర్చొని అంకెలు కూడడమే. సెక్టారు మీటింగులో ఆ అంకెలు కూడి పి.హెచ్.సి.కి, అక్కడ కూడి జిల్లాకు, అక్కడ నుండి హైదరాబాదుకు వెళ్ళేవి. మెట్టు ఎక్కేకొద్దీ పేర్లు రాలిపోయి అంకెలే మిగిలేవి. టార్గెట్ల కాలంలో ఆ అంకెలకు ఉన్న భయం మన శాఖవారికి చెప్పనక్కరలేదు. 1996 ఏప్రిల్‌లో టార్గెట్లు ఎత్తివేసేవరకు రిజిష్టరు తెరిస్తే ముందు కనబడేది లక్ష్యమే, ఆ తరువాతే మనిషి.

ఆ రిజిష్టర్లకు మన దేశాచారం వలన ఒక చిక్కు ఉండేది. మొదటి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళుతుంది. ఆమె పేరు, రక్తహీనత, బి.పి., ఎన్ని ధనుర్వాతం ఇంజక్షన్లు పడ్డాయి అన్నది అంతా అత్తవారి ఊరి ఉపకేంద్రంలో బీరువాలో ఉంటుంది. ఏడో నెలలో మనిషి మాత్రం నలభై మైళ్ళ అవతల ఉంటుంది. అక్కడి నర్సమ్మకు ఆమె కొత్త కేసు. పాలమూరు నుండి పనులకు వలస వెళ్ళే కుటుంబాలదీ ఇదే పరిస్థితి. రిజిష్టరు ఊరిని పట్టుకొని ఉంటుంది, మనుషులు ఊరిలో ఉండరు. ఒకసారి నా సెక్టారులో కాన్పుకు వచ్చిన ఒక అమ్మాయికి కాళ్ళు ఉబ్బి, చూపు మసకగా ఉన్నదని కబురు వచ్చింది. బి.పి. ఇంతకుముందు ఎంత ఉండేదని అడిగితే ఎవరికీ తెలియలేదు. ఆమె తల్లి ట్రంకుపెట్టెలో చీరల మధ్య నుండి ఒక కార్డు తీసి ఇచ్చింది. నాలుగు నెలల క్రితం అత్తవారి ఊరి ఏ.ఎన్.ఎం. చక్కని అక్షరాలతో వ్రాసిన బి.పి. అందులో ఉన్నది. అప్పుడు మామూలుగానే ఉన్నది. ఇప్పుడు పెరిగినదని ఆ కార్డు వలననే తేలి, వెంటనే జీపులో జిల్లా ఆసుపత్రికి పంపగలిగాము. తల్లీ బిడ్డా క్షేమంగా తిరిగి వచ్చారు.

ఇంటి దగ్గరే రికార్డు ఉంచాలన్న ఆలోచనకు పెద్ద పేరు తెచ్చినవారు డాక్టరు డేవిడ్ మార్లే అనే ఆంగ్లేయుడు. నైజీరియా పల్లెల్లో పనిచేసిన ఈయన పిల్లల బరువు గీత గీసే కార్డును తల్లి చేతికే ఇచ్చాడు. తల్లులు పోగొడతారని అందరూ అన్నారట. ఆసుపత్రి పోగొట్టినన్ని తల్లులు పోగొట్టలేదు. 1975 అక్టోబరు 2న ఐ.సి.డి.ఎస్. ప్రారంభమై అంగన్‌వాడీలు వచ్చాక మన ఊళ్ళలోనూ బరువు గీతలు తెలిసివచ్చాయి. 2010 ప్రాంతంలో ఆరోగ్య శాఖ, స్త్రీ శిశు సంక్షేమ శాఖ కలిసి తల్లీబిడ్డల సంరక్షణ కార్డును ఒకటిగా చేశాయి. మన మనుమలకు టీకాలు వేసినప్పుడు ఇచ్చే కార్డు అదే.

ఇక కంప్యూటరు. 1990ల మధ్యలో అమెరికాలోని ఆపిల్ కంపెనీ పరిశోధకులు, ఆనాటి మన ప్రభుత్వ రంగ సంస్థ సి.ఎం.సి.తో కలిసి, రాజస్థాన్‌లోని అజ్మీరు ప్రాంతంలో ఏ.ఎన్.ఎం.ల వెంట తిరిగారు. ఆపిల్ వారి న్యూటన్ అనే చేతిలో పట్టుకునే చిన్న కంప్యూటరు మీద ఇంటింటి రికార్డు వ్రాయడానికి వీలుగా బొమ్మల తెర తయారుచేశారు. తమ అనుభవాన్ని 1997లో పత్రంగా ప్రకటించారు. సెల్‌ఫోను కూడా మనలో చాలామంది చూడని రోజుల్లో పల్లెటూరి నర్సు చేతిలో కంప్యూటరు పెట్టాలనుకోవడం సాహసమే. అయితే 1998 ఫిబ్రవరిలో ఆపిల్ న్యూటన్ తయారీనే మానివేసింది. ఒక కంపెనీ సరుకును నమ్ముకున్న ప్రభుత్వ పథకానికి ఏమవుతుందో అప్పుడే తెలిసింది.

ఆ ఆలోచన తరువాత మన రాష్ట్రానికే వచ్చింది. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో, ప్రపంచ బ్యాంకు ఇన్ఫోడెవ్ కార్యక్రమం సహాయంతో, సి.ఎం.సి. నిర్వహణలో, నల్లగొండ జిల్లా ఏ.ఎన్.ఎం.లకు చేతి కంప్యూటర్లు ఇచ్చారు. అదే కాలంలో చిత్తూరు జిల్లాలో కుటుంబాల వారీగా, పేరు పేరునా ఆరోగ్య వివరాలు కంప్యూటరులో ఎక్కించే మరొక పథకం నడిచింది. 2000 డిసెంబరులో కుప్పంలో మూడోది మొదలైంది. దక్షిణాఫ్రికాలో పుట్టి, నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయం అండతో పెరిగిన ఈ పద్ధతి పేర్ల జోలికి పోకుండా, ఉపకేంద్రాల నెలవారీ అంకెలను క్రమబద్ధం చేయడంతో సరిపెట్టుకున్నది. మూడూ ఒకే రాష్ట్రంలో, ఒకే కాలంలో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నడిచాయి. వాటిలో కుప్పం పద్ధతి వంశమే నేడు ఎన్నో దేశాల ఆరోగ్య శాఖలలో వాడుకలో ఉన్నది. తక్కువ అడిగినది నిలబడింది, అన్నీ అడిగినవి నిలబడలేదు.

నా దృష్టిలో అసలు కారణం యంత్రం కాదు. కరెంటు కోత ఉన్నది, రిపేరు చేసేవాడు దూరం, నిజమే. కాని కంప్యూటరు ఇచ్చినవారు రిజిష్టరును రద్దు చేయలేదు. ఆడిటుకు కాగితం కావాలి, కోర్టుకు సంతకం కావాలి, పై అధికారికి పాత ప్రొఫార్మా కావాలి. దానితో ఏ.ఎన్.ఎం. పగలు ఇంటి దగ్గర రిజిష్టరులో వ్రాసి, రాత్రి ఇంటికి వచ్చి అదే యంత్రంలో ఎక్కించవలసి వచ్చేది. రెండుసార్లు వ్రాయించే పద్ధతిని ఏ కాలంలోనూ ఎవరూ ప్రేమించరు. యంత్రాన్ని ప్రవేశపెడుతూ ఉత్తర్వులు ఎన్నో వచ్చాయి. ఒక పాత రిజిష్టరును మానివేయమని వచ్చిన ఉత్తర్వు మాత్రం నా సర్వీసులో చూడలేదు.

ఈ బాధ మనకే పరిమితం కాదు. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చిన సభ్యులు అక్కడ ల్యాప్‌టాపుతో ఇంటికి వచ్చే నర్సును చూసే ఉంటారు. అక్కడ 1999 నుండి మెడికేర్ కింద ఇంటి సేవ పొందే ప్రతి రోగికీ ఒయాసిస్ అనే పొడవైన ప్రశ్నావళి నింపాలి. 2000 నుండి ఏజెన్సీకి వచ్చే సొమ్ము దాని మీదే ఆధారపడింది. 2009లో ఆసుపత్రులు, డాక్టర్లు ఎలక్ట్రానిక్ రికార్డులకు మారడానికి ఆ ప్రభుత్వం భారీగా ప్రోత్సాహకాలు ఇచ్చినప్పుడు ఇంటి సేవా సంస్థలను అందులో చేర్చలేదు. దానితో ఆసుపత్రి రికార్డు ఒక దారి, ఇంటి రికార్డు ఒక దారి అయింది. 2016 చివరన వచ్చిన చట్టం మాత్రం, పేదల మెడికెయిడ్ పథకం కింద ఇంటికి వెళ్ళే సహాయకులు ఏ ఇంటికి, ఎన్ని గంటలకు వెళ్ళారో ఎలక్ట్రానిక్‌గా నమోదు చేయాలన్నది. మన మలేరియా ఇనస్పెక్టరు గోడ చూసినట్లే. రోగి కోసం రికార్డు తయారీకి డబ్బు లేకపోయినా, పనివాడిని కనిపెట్టడానికి ఎక్కడైనా దొరుకుతుంది.

ఇక్కడ 2009 చివరలో తల్లీబిడ్డల పేర్ల వారీ ఆన్‌లైను నమోదు దేశమంతటా ప్రారంభమైంది. పుట్టింటికి వెళ్ళినా నంబరు వెంట వస్తుందన్నది దాని ఉద్దేశం. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో అన్మోల్ అనే ట్యాబు పద్ధతి వచ్చింది. నెట్టు లేనిచోట కూడా వ్రాసుకొని, సిగ్నలు దొరికినప్పుడు పంపవచ్చు. మా తరం కోరుకున్నది అదే. తెలంగాణలో 2017 జూన్ 2న మొదలైన కె.సి.ఆర్. కిట్టు పథకంలో మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా తల్లి ఖాతాలో వేసేవారు. ఒక్కొక్క విడత ఒక్కొక్క పరీక్ష నమోదుతో ముడిపడి ఉండేది. ఎంట్రీ పడకపోతే డబ్బు రాదు గనుక, గర్భిణీలే నర్సమ్మను ఆపి "నాది ఎక్కించావా అక్కా?" అని అడగడం మొదలుపెట్టారని నా తరువాత పనిచేసినవారు చెప్పారు. ఇంటివారికి పనికివచ్చిన రికార్డును ఇంటివారే కాపాడతారు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ముసలివారి వంతు ఆలస్యంగా వచ్చింది. 2008లో 104 వాహనాలు నెలకొకసారి నిర్ణీత దినాన ఊరికి వచ్చి బి.పి., సుగరు మందులు ఇచ్చేవి. వాహన సిబ్బందిలో డేటా ఎంట్రీ ఆపరేటరూ ఉండేవారు. 2018 నుండి ముప్ఫై ఏళ్ళు దాటినవారి బి.పి., సుగరు, క్యాన్సరు పరీక్షల వివరాలను ఒక జాతీయ యాప్‌లో నమోదు చేయసాగారు. ఆశ కార్యకర్త ఇంటికి వచ్చి పొగాకు, నడుము కొలత, కుటుంబ చరిత్ర అడిగి ఫారం నింపుతుంది. 2022 మార్చి 5న తెలంగాణ ప్రభుత్వం ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాలలో ఇంటింటికీ వెళ్ళి ప్రతి ఒక్కరి ఆరోగ్య వివరాలు సేకరించే హెల్త్ ప్రొఫైలు ప్రారంభించింది. అదే ఏడు అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యామిలీ డాక్టరు విధానం ప్రయోగాత్మకంగా మొదలై, 2023 ఏప్రిల్‌లో పూర్తిగా అమలుకు వచ్చింది. మంచం పట్టినవారి ఇంటికి డాక్టరే వెళ్ళి చూసి నమోదు చేయాలన్నది అందులో ఒక భాగం.

వీటన్నిటినీ ఒక తాటికి కట్టడానికి 2021 సెప్టెంబరు 27న కేంద్రం డిజిటల్ ఆరోగ్య మిషన్‌ను దేశవ్యాప్తం చేసింది. 14 అంకెల ఆభా సంఖ్య దానిదే. రోగి ఒప్పుకుంటేనే ఒక డాక్టరు వ్రాసినది మరొక డాక్టరు చూడగలగడం ఇందులోని ముఖ్య సూత్రం. సూత్రం మంచిదే. ఒప్పుకోలు మాత్రం సెల్‌ఫోనుకు వచ్చే ఓ.టి.పి. మీద నడుస్తుంది. మనలో ఎంతోమంది ఆధారుకు ఇచ్చిన నంబరు బెంగుళూరులోనో పూనాలోనో ఉన్న కొడుకుది. ఆశ కార్యకర్త వాకిట్లో నిలబడి ఉంటుంది, కొడుకు మీటింగులో ఉంటాడు. ఓ.టి.పి. గడువు దాటిపోతుంది, ఆమె "రేపు వస్తాను పెద్దమ్మా" అని వెళ్ళిపోతుంది. కనుక సభ్యులు మీ ఫోను నంబరునే ఆధారుకు కలిపించుకోవడం మంచిది. ఆధార్ కేంద్రంలో చేస్తారు.

మా ఇంటికి వచ్చే ఏ.ఎన్.ఎం. నా మనుమరాలి వయసుది. ట్యాబులో చకచకా నొక్కుతుంది. బి.పి. చూశాక నా దగ్గరున్న నూరు పేజీల నోటుబుక్కు ముందు పెడతాను. "ట్యాబులో ఎక్కించాను కదా మేడం" అంటుంది. "ఎక్కించావు సరే, రాత్రి నాకు ఒంట్లో బాగాలేకపోతే మా ఆయన నీ ట్యాబు చూడలేడు కదమ్మా" అంటాను. నవ్వి, తేదీ వేసి, అంకె వ్రాసి, సంతకం పెట్టి ఇస్తుంది.